హారన్ కొట్టొద్దన్న మాట

పాత డీజిల్ బండిని అమ్మేశాక దాని బదులు ఏది కొనాలో శంకరప్ప సేటు తేల్చుకోలేకపోయాడు. కరెంటు బండి కొనమని కొందరు, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కొనమని కొందరు చెప్పారు. హైదరాబాద్‌లో ట్రావెల్స్ నడిపే అతని తోడల్లుడి దగ్గర రెండు రకాలూ ఉన్నాయి. ఒకటి మూడు రోజులు, ఇంకొకటి మూడు రోజులు పంపమని అడిగాడు. నడిపి చూసి చెప్పాల్సింది డ్రైవర్ శ్రీహరి.

"నువ్వేది మంచిదంటె అదే కొంట," అన్నాడు సేటు తాళం చేతికిస్తూ. "కొన్నంక నీకే ఇస్త. ఒక్క గీత పడొద్దు చూడు. మా తోడల్లునికి నోరెక్కువ."

శ్రీహరి ఇల్లు వికారాబాద్‌లో, సేటు ఆఫీసు తాండూరులో. తాండూరులో ఉద్యోగాలున్నవాళ్లను పొద్దున తీసుకుపోవడం, సాయంత్రం తీసుకురావడం శ్రీహరి పని. ముందు సీట్లో ఆసుపత్రి నర్సు కృపారాణి కూర్చుంటుంది. వెనక ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు.

సోమవారం పొద్దున కరెంటు బండి ఎక్కగానే అతని ఎడమ కాలు క్లచ్ కోసం వెతికింది. ఎడమ చేయి గేరు రాడ్డు ఉండాల్సిన చోటికి పోయి ఊరికే తిరిగొచ్చింది. మీట నొక్కితే తెర వెలిగింది కానీ చప్పుడు రాలేదు. స్టార్ట్ కాలేదనుకుని మళ్లీ నొక్కాడు. తెర ఆరిపోయింది. సెల్‌ఫోన్ అనుకుని తోలమని కృపారాణి నవ్వింది.

అనంతగిరి ఘాటు దిగేటప్పుడు కాలు తీస్తే చాలు, బండి తనంతట తనే నెమ్మదించింది. తెర మీద బ్యాటరీ అంకె తగ్గాల్సింది పోయి ఒకటి పెరిగింది. శ్రీహరి దాన్ని మళ్లీ చూశాడు. దిగుతూ దిగుతూ ఛార్జింగ్ ఎక్కించుకునే బండిని అతను అంతవరకు నడపలేదు. ధారూర్ వచ్చేసరికి వెనక ఇద్దరూ నిద్రపోయారు. పాత బండిలో ఇంజన్ మీద గొంతు లేపి మాట్లాడుకునేవాళ్లు. ఆఫీసు వెనక ఛార్జింగ్ వైరు తగిలిస్తూ, బండి మస్తుందని సేటుకు చెప్పాడు. సాయంత్రం ఘాటు ఎక్కుతుంటే అంకె గబగబా పడిపోయింది. అప్పటి నుంచి అతని కళ్లు రోడ్డు మీద కొంతసేపు, అంకె మీద కొంతసేపు ఉండడం మొదలైంది.

ధారూర్ దాటాక రోడ్డు ఒక కుంట పక్కన మలుపు తిరిగి పల్లంలోకి దిగుతుంది. కంది కోసిన చేన్లలోకి పోయే గొర్రెలు ఆ పల్లంలోనే రోడ్డెక్కుతాయి. అక్కడ రోజూ పొద్దున కనిపించే మనిషి కిష్టప్ప. మంద వెనక నడుస్తాడు, భుజాన గొంగడి, చేతిలో కట్టె. వెనక్కి చూడడు.

శ్రీహరి ఆ దారి పట్టిన కొత్తలో ఒకసారి మంద వెనక హారన్ కొట్టాడు. గొర్రెపిల్లలు బెదిరి కాలువలో పడ్డాయి, ఒకదాని కాలు విరిగింది. కిష్టప్ప కిటికీ దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. హారన్ కొట్టొద్దని, బండి చప్పుడు తనకు కుంట అవతల ఉండగానే తెలుస్తుందని, తానే జరుపుకుంటానని చెప్పాడు. ఆ తర్వాత శ్రీహరి అక్కడ హారన్ ముట్టలేదు. మలుపు తిరగగానే రెండో గేరులో వేసేవాడు. ఇంజన్ మూలిగేది. కిష్టప్ప తల తిప్పకుండానే కట్టెను ఎడమకు లేపి నాలుకతో ట్రుర్ర్‌మనేవాడు. పరిచిన చాపను ఒక పక్కకు లాగినట్టు మందంతా ఎడమకు పోయేది. దాటుతూ శ్రీహరి కిటికీలోంచి చేయి లేపేవాడు. బెల్టు అరుస్తుందనో, సైలెన్సర్ వదులైందనో కిష్టప్ప ఏదో ఒకటి అనేవాడు. మెకానిక్ దగ్గరికి పోతే అదే తేలేది.

సోమవారం బండి వచ్చేసరికే మంద చేన్లలోకి దిగిపోయింది. మంగళవారం పొద్దున మంద రోడ్డు మీద ఉంది. శ్రీహరి మలుపు తిరిగి కాలు తీశాడు. బండి నెమ్మదించి, పల్లంలోకి జారుతూ, కిష్టప్ప వెనకకు వచ్చింది. కట్టె లేవలేదు. ఇప్పుడు లేపుతాడులే అనుకుని శ్రీహరి తెర వైపు చూశాడు. పల్లం దిగడంలో అంకె మళ్లీ పెరుగుతుందేమో చూద్దామనుకున్నాడు. అంతసేపే. చివరన నడుస్తున్న గొర్రె గడ్డి పరక కోసం అడ్డం తిరిగింది. బంపర్ దాన్ని తాకింది. చక్రం దాని మీదికి ఎక్కింది. బ్రేకు పడేసరికి కిష్టప్ప మోకాలికి బండి తగిలి అతను చేతుల మీద పడ్డాడు.

శ్రీహరి దిగి పరుగెత్తాడు. కిష్టప్ప తనే లేచాడు. మోచేయి గీసుకుపోయింది. ముందు గొర్రెను చూశాడు, దాని పొట్ట మీద చేయి పెట్టాడు. అది సూడిగొర్రె, ప్రాణం పోయింది. తర్వాత బంపర్‌ను అరచేత్తో తాకి, అది తన మోకాలికి ఎంత దూరంలో ఉందో చూశాడు. వేలు చెవిలో పెట్టి కదిలించాడు.

"గింత దగ్గరికొచ్చింది," అన్నాడు. "నాకు ఇనవడలే."

బ్యాంకు ఉద్యోగి ఒకాయన కిటికీ దించి, ఏం ముసలాయనా, చెవుడా అన్నాడు.

"గట్లనే ఉన్నది సారు," అన్నాడు కిష్టప్ప. అతను శ్రీహరి వైపు చూడలేదు. తన మందను చూస్తున్నాడు.

కాకా, ఇది బ్యాటరీ బండి, దీనికి చప్పుడుండదు. ఆ మాట శ్రీహరి నోటి దాకా వచ్చింది. అప్పుడే బంపర్ మూల మీద గీత కనిపించింది. కృపారాణి దిగి మోచేయి చూసి ఇంజెక్షన్ వేయించుకోమని చెప్పింది. వెనక నుంచి బ్యాంకు టైమైందన్నారు. శ్రీహరి ఒక పక్క, కిష్టప్ప ఒక పక్క పట్టి గొర్రెను రోడ్డు దింపారు. సేటుకు చెప్పి ఏమైనా ఇప్పిస్తానంటే కిష్టప్ప చేయి అడ్డంగా ఊపాడు. తప్పు తనదైతే ఎవరో ఎందుకిస్తారన్నాడు. శ్రీహరి బండెక్కాడు. సాయంత్రం ఆగి చెబుదామనుకున్నాడు.

సేటు బంపర్‌ను బొటనవేలితో రుద్ది చూసి, ఎట్లయిందని అడిగాడు.

"ఆయనకు ఇనవడలే సేట్," అన్నాడు శ్రీహరి.

చెవిటివాడు రోడ్డు మీద గొర్రెలెందుకు తోలుతాడని సేటు విసుక్కున్నాడు. ఆ విషయం అంతటితో అయిపోయింది. శ్రీహరి వెనక్కి పోయి ఛార్జింగ్ వైరు తగిలించాడు. తను చెప్పిన మాటలో అబద్ధం లేదని అనుకున్నాడు. వైరు సరిగ్గా పట్టిందో లేదో మళ్లీ లాగి చూశాడు.

ఆ సాయంత్రం పల్లం దగ్గరికి వచ్చేసరికి బ్యాటరీ అంకె తక్కువగా ఉంది. ఘాటు ఎక్కాలి. కిష్టప్ప ఊళ్లోకి పోయి వస్తే చాలుతుందో లేదో తెలియదు. ఆగలేదు. బుధవారం పొద్దున మంద రోడ్డు మీద లేదు, చేన్లలోనూ కనిపించలేదు.

బుధవారం సాయంత్రం వెనక ఇద్దరూ రైలుకు పోయారు. కృపారాణి ఒక్కతే ఉంది. పెద్దేముల్ దాటాక, ఆ గొర్ల తాత ఇయ్యాల మా ఆసుపత్రికొచ్చిండు అంది. చెవుల డాక్టరు వచ్చే రోజు కాదు. అయినా ఓపీ బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. తనను గుర్తుపట్టి మాట్లాడాడు. వాళ్ల నాయనకూ ఈ వయసులోనే చెవులు పోయాయట. ఒకనాడు వెనక నుంచి వచ్చిన లారీని వినలేదు. సగం మంద పోయింది. ఆ తర్వాత ఆయన చచ్చేదాకా ఇంటి ముందు అరుగు దిగలేదు. తనకు అంత రాకముందే మందను అమ్మేస్తున్నాడట. తాండూరు కంపెనీలో పనిచేసే కొడుకు నవీన్‌కుమార్ కూడా అదే మంచిదన్నాడట. కర్ణాటక బేరగాళ్లు వస్తున్నారట.

"పాపం, మంచిగ మాట్లాడిండు," అంది. "డాక్టరున్నప్పుడు రమ్మన్న. ఇగ చూసేదేమున్నది సిస్టర్ అన్నడు."

శ్రీహరి తోలుతూనే ఉన్నాడు. పల్లం వచ్చింది, పోయింది.

"సిస్టర్," అన్నాడు తర్వాత. "మొన్న మనం ఆయన ఎనకకు పొయినప్పుడు నీకు బండి సప్పుడు ఇనవడ్డదా?"

"ఈ బండికి సప్పుడేడిది?" అంది కృపారాణి. అని, అతని వైపు తిరిగింది. "నువ్వు ఆయనకు చెప్పలేదా?"

అతను అద్దంలో చూశాడు. వెనక రోడ్డు మీద ఎవరూ లేరు.

"నేను గూడ చెప్పలేదు," అంది ఆమె. "ముసలాయన గద, చెవులు పోయినయేమో అనుకున్న. తట్టలే నాకు."

పొద్దున చెప్తానన్నాడు శ్రీహరి.

గురువారం పొద్దున సేటు తోడల్లుడి డ్రైవర్ హైబ్రిడ్ తెచ్చి ఇచ్చి కరెంటు బండి తీసుకుపోవాలి. హైదరాబాద్ దాటేసరికే అతనికి ఆలస్యమైంది. మనుషులు బండెక్కేసరికి బ్యాంకు ఉద్యోగులు గడియారం చూసుకుంటున్నారు. ఈ బండికి ఛార్జింగ్ వైరు లేదు. పెట్రోలు పోస్తే చాలు, బ్యాటరీని అదే నింపుకుంటుంది. ఘాటులో ఇంజన్ వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. ఎప్పుడు ఏది నడుపుతోందో తెర చూస్తే తప్ప తెలియలేదు. శ్రీహరి ఈసారి తెర చూడలేదు.

ధారూర్ దాటి పల్లంలోకి దిగుతుంటే ఎదురుగా ఒక వ్యాను వచ్చింది. కర్ణాటక నంబరు. వెనక మూడు వైపులా ఎత్తుగా కట్టెలు కట్టి, లోపల గడ్డి పరిచి ఉంది. ఖాళీగా ఉంది. అది వేగం తగ్గించి, కిష్టప్ప ఊరికి పోయే మట్టిదారి మీదికి తిరిగింది. క్లీనరు దిగి కన్నడంలో ఎవరినో దారి అడుగుతున్నాడు. శ్రీహరి కాలు తీశాడు. బండి నెమ్మదించింది, ఇంజన్ ఆగింది. కృపారాణి అతని వైపు చూసింది.

"ఏమైంది? ఇప్పటికే లేటు," అన్నారు వెనక నుంచి.

శ్రీహరి కాలు నొక్కాడు. ఇంజన్ వచ్చింది.

సాయంత్రం బ్యాంకువాళ్లు మళ్లీ రైలుకే పోయారు. ఆగమని కృపారాణి చెప్పాల్సిన పని లేకపోయింది. అతనే మట్టిదారి మీదికి తిప్పాడు. దారి చింతచెట్టు దాకా ఎక్కుడు, ఆ తర్వాత ఇంటి దాకా చదును. ఎక్కుడులో ఇంజన్ గట్టిగా మోగి, చదును రాగానే ఆగిపోయింది. బండి ఆ మిగతా దారంతా ఊరికే దొర్లింది.

కిష్టప్ప దొడ్డి గోడ మీద కూర్చుని ఉన్నాడు. దొడ్డి తలుపు తీసే ఉంది. లోపల గొర్రెల పెంటిక, తొక్కిన గడ్డి, అంతే. కట్టె గోడకు ఆనించి ఉంది. చేతికి పని లేక ఒక తాడు ముడి విప్పుతున్నాడు.

"చింతచెట్టు దాక ఇనవడ్డది," అన్నాడు శ్రీహరిని చూసి. "ఆడికెల్లి ఇగ లేదు. గిట్లనే అయితుంది. వస్తది, పోతది."

అతని భార్య బుగ్గమ్మ ఇంట్లోంచి వచ్చి కృపారాణికి పీట వేసింది. ఇంట్లో తను గొణిగితే కూడా ఆయనకు వినపడుతుందని, రోడ్డు మీదనే చెవుడు వస్తుందని, ఇది ఎక్కడి రోగమో తెలియదని చెప్పింది. గొర్రెలను ఎప్పుడు తోలుకుపోయారని శ్రీహరి అడిగాడు. ఎండ ముదరకముందే ఎక్కించారంది బుగ్గమ్మ. ఈపాటికి ఏ సంతలోనో దించి ఉంటారంది.

శ్రీహరి నిలబడే చెప్పాడు. "కాక, నీ చెవులకేం కాలే. మొన్నటిది కరెంటు బండి. దానికి సప్పుడే ఉండది. నువ్వే గాదు, ఎవ్వలికీ ఇనవడది."

కిష్టప్ప నవ్వాడు. "సముదాయిస్తున్నవా? మరి గీ బండి? గిది గూడ నడుమల పాయె."

ఇందులో రెండూ ఉన్నాయని, ఎక్కుడు వస్తే ఇంజన్, చదునులో నెమ్మదిగా పోతే బ్యాటరీ అని శ్రీహరి చెప్పాడు. చెబుతుంటే అతనికే అది కట్టుకథలా వినిపించింది. కిష్టప్ప తాడు పక్కన పెట్టాడు. కృపారాణి వైపు చూశాడు. ఆమె అవునన్నట్టు తల ఊపింది.

"అయితె తోలు," అన్నాడు.

గోడ మీద అటు తిరిగి, దారికి వీపు పెట్టి కూర్చున్నాడు. బుగ్గమ్మ కూడా కొంగు కళ్లకు కట్టుకుని వాకిట్లో నిలబడింది. శ్రీహరి బండిని చింతచెట్టు దాకా వెనక్కి తీసుకుపోయి, కాలు ఆనీ ఆనకుండా పెట్టి తెచ్చాడు. కిష్టప్ప మెడ నిటారుగా ఉంది. చేయి మోకాలి మీద ఉంది. బండి అతని వీపు దాకా వచ్చి ఆగింది. చేయి లేవలేదు. శ్రీహరి బండిని పార్కింగ్‌లో పెట్టి కాలు గట్టిగా నొక్కాడు. ఇంజన్ వచ్చిన క్షణమే కిష్టప్ప చేయి ఎడమకు లేచింది.

"నాకూ ఇనవడలే," అంది బుగ్గమ్మ కొంగు విప్పి. బండి తన ముందే ఉండడం చూసి ఒక అడుగు వెనక్కి వేసింది. "అయితె నాకు గూడ చెవుడేనా?"

ఎవరూ నవ్వలేదు. కిష్టప్ప ఇటు తిరిగాడు. బండిని కాక, అది వచ్చిన దారిని చూశాడు. మళ్లీ తోలమన్నాడు. శ్రీహరి మళ్లీ తోలాడు. ఈసారి కిష్టప్ప దారికి వీపు పెట్టలేదు. బండి ముందు చక్రాల దగ్గర చెవి పెట్టి, దానితోపాటు పక్కనే నడిచాడు. మట్టి నలిగే చప్పుడు తప్ప ఏమీ లేదు.

"గిట్లాంటి బండ్లు గూడ వచ్చినయన్నట్టు," అన్నాడు.

వెనక్కి పోయి గోడ మీద కూర్చున్నాడు. దొడ్డిలోకి చూశాడు. ఇప్పుడే బయల్దేరి బేరగాళ్లను పట్టుకుందామని, కృపారాణిని బస్సెక్కించి తను వస్తానని శ్రీహరి అన్నాడు. కిష్టప్ప వద్దన్నాడు. బేరం కుదిరి చేత్తో తాడిచ్చి పంపినవాటిని మళ్లీ అడగడం తమలో లేదన్నాడు. ఈపాటికి ఎంతమంది చేతులు మారాయో ఎవరికి తెలుసని కూడా అన్నాడు.

"పొద్దుగాల నువ్వు ఇటే పొయినవ్ గద," అంది బుగ్గమ్మ. "అప్పటికి గొర్లు ఈడనే ఉండె."

"పోయిన చిన్నమ్మా," అన్నాడు శ్రీహరి.

బుగ్గమ్మ లోపలికి పోయి చాయ్ పెట్టింది. కృపారాణి వెనకే పోయింది. ఆ ఇద్దరూ మాట్లాడుకుంటున్నది బయటకు వినిపించలేదు. కిష్టప్ప మళ్లీ తాడు తీసుకున్నాడు. ముడి విప్పడం అయిపోయింది. ఏం చేయాలో తెలియనట్టు మళ్లీ వేశాడు.

"దానికి హారన్ లేదా?" అని అడిగాడు.

"కాక, ఉన్నది."

"మరి?"

శ్రీహరి నోరు తెరిచాడు. ఏ మాట ముందు చెప్పాలో తెలియలేదు. అంకె చూస్తున్నానని చెప్పాలా, గీత చూశానని చెప్పాలా, పొద్దున వ్యాను చూశానని చెప్పాలా. కిష్టప్ప అతని కోసం చాలాసేపు ఆగలేదు.

"ఔ," అన్నాడు తనలో తను అనుకున్నట్టు. "కొట్టొద్దన్నది నేనే గద."

"నీ తప్పు గాదు కాక."

"అననీ," అన్నాడు కిష్టప్ప. "నేనే అన్న."

చాయ్ తాగాక వాళ్లు లేచారు. శంకరప్ప సేటు శనివారం అడుగుతాడు, ఏది మంచిదని. చెప్పాల్సినవి శ్రీహరి దగ్గర ఉన్నాయి. కరెంటు బండి ఎక్కుడులో అంకె పడేస్తుంది, దిగుడులో సంపాదిస్తుంది, మనుషులు నిద్రపోతారు. హైబ్రిడ్‌కు వైరు బాధ లేదు, ఘాటుకు భయం లేదు. రెండింటిలో ఏదైనా సేటు కొంటాడు, తాళం తనకే ఇస్తాడు. గీత సంగతి అప్పటికే మర్చిపోయాడు.

రోడ్డు దాకా వస్తానని కిష్టప్ప ముందు నడిచాడు. అలవాటు కొద్దీ కట్టె తీసుకున్నాడు. శ్రీహరి బండిని అతని వెనక, మంద వెనక నడిపినట్టే నడిపాడు. దారి దిగుడు కావడంతో ఇంజన్ రాలేదు. కిష్టప్ప నాలుగడుగులు వేసి వెనక్కి చూశాడు. బండి ఉందని చూసుకుని మళ్లీ నడిచాడు. మళ్లీ చూశాడు. ఇన్నేళ్లలో తన బండి వెనక వస్తుంటే అతను తల తిప్పడం శ్రీహరి చూడలేదు. మెడ తిప్పడం అతనికి అలవాటు లేదు. తిప్పిన ప్రతిసారీ అడుగు తడబడుతోంది.

తారు రోడ్డు దగ్గర కిష్టప్ప పక్కకు జరిగాడు. శ్రీహరి దాటుతూ కిటికీలోంచి చేయి లేపాడు. కిష్టప్ప చూడలేదు. కట్టె రెండు చేతులా పట్టుకుని, బండి వెనక ఇంకేదైనా వస్తుందేమోనని రోడ్డు వైపు చూస్తున్నాడు.